రెండు పూటల మాట

2019 జూలై 23 సాయంత్రం బెంగళూరు విధానసౌధలో తలలు లెక్కపెట్టారు. ప్రభుత్వం వైపు 99, ఎదురు 105. పధ్నాలుగు నెలలు నడిచిన హెచ్.డి. కుమారస్వామి ప్రభుత్వం అంతటితో సరి. ఈ పదవిని సంతోషంగానే వదులుకుంటానని ఆయన ఆ సభలోనే చెప్పారు. నాలుగు రోజుల చర్చంతా విన్నవాళ్ళకు ఆ మాటలో సంతోషం ఎంతుందో తెలుసు.

ప్రభుత్వాలు పడిపోవడం కర్ణాటకకు కొత్త కాదు. ఆ ప్రభుత్వం కన్నా మూడు నెలల ముందే పడిపోయిన మాట ఒకటుంది. సైన్యంలో చేరేది ఎవరి పిల్లలు అన్న మాట అది. ఏప్రిల్‌లో, ఎన్నికల ఊపులో, కుమారస్వామి నోటి నుంచే వచ్చింది. ఆ మాట వల్లే ప్రభుత్వం పోయిందని నేననను. శాసనసభ్యులు రాజీనామాలు చేసి ముంబై హోటళ్ళలో కూర్చున్నారు, అందువల్ల పోయింది. కానీ పోయినవాటిలో ప్రభుత్వం కన్నా ఆ మాటే విలువైందని నా నమ్మకం. అందుకే రాస్తున్నాను.

దొడ్డబళ్ళాపురం బెంగళూరుకు నలభై కిలోమీటర్ల దూరం. కన్నడ ఊరే గాని, నేతవారి వీధుల్లోకి పోతే తెలుగు ఇంటింటా వినిపిస్తుంది. గౌరిబిదనూరు, హిందూపురం వైపు చుట్టరికాలు. పొద్దున లేచింది మొదలు పవర్‌లూముల చప్పుడు. ఇంటి ముందు గదిలోనే మగ్గం, వెనక వంట, మధ్యలో కాపురం. పోగు తెగితే మగ్గం ఆపాలి. రెండు కొసలూ వేళ్ళ మధ్య పట్టి, ముడి వేసి, మళ్ళీ నడపాలి. కరెంటు పోయిన పూట కూలి లేదు. మాస్టరు వీవరు పట్టు ఇవ్వని వారం తిండికి తడుముకోవాలి. 2016లో నోట్ల రద్దు, 2017లో జీఎస్టీ ఈ వీధుల నడుం వంచాయి. అర్కావతి పేరుకే నది. బోర్లు వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడతాయన్న నమ్మకం లేదు.

ఈ ఊరు చిక్కబళ్ళాపురం లోక్‌సభ నియోజకవర్గంలోకి వస్తుంది. 2014లో కుమారస్వామి ఇక్కడి నుంచే పోటీ చేసి మూడో స్థానంలో నిలిచారు. కాంగ్రెస్ తరఫున వీరప్ప మొయిలీ తొమ్మిదిన్నర వేల ఓట్లతో బీజేపీ అభ్యర్థి బచ్చేగౌడ మీద గట్టెక్కారు. అంటే కుమారస్వామి ఈ వీధుల్లో చేతులు జోడించి తిరిగిన మనిషి. అంతకు ముందు 2006లో, మొదటిసారి ముఖ్యమంత్రి అయినప్పుడు, గ్రామ వాస్తవ్య అని పేరు పెట్టి పల్లెల్లో బీద ఇళ్ళలో రాత్రుళ్ళు పడుకున్నారు, వాళ్ళు పెట్టింది తిన్నారు. రెండు పూటల తిండి అన్నది ఆయన కాగితాల్లో చదివి తెలుసుకున్న సంగతి కాదు. ఈ కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

2018 మే 23న విధానసౌధ మెట్ల ముందు ఆయన ప్రమాణం చేసిన సాయంత్రం తెలుగువాళ్ళకూ గుర్తుండే ఉంటుంది. వేదిక మీద చంద్రబాబు నాయుడు ఉన్నారు. సోనియా, రాహుల్, మమతా బెనర్జీ, మాయావతి, అఖిలేశ్, కేజ్రీవాల్, పినరయి విజయన్, ఏచూరి అందరూ చేతులు కలిపి పైకెత్తారు. ముప్పై ఎనిమిది మంది శాసనసభ్యులు కూడా లేని ఆయన పార్టీకి ముఖ్యమంత్రి పదవి, అంతకు రెట్టింపు బలమున్న కాంగ్రెస్‌కు వెనక కుర్చీలు. రెండు నెలలు తిరక్కుండానే, జూలై 14న, సొంత పార్టీ సన్మాన సభలో కుమారస్వామి కన్నీళ్ళు పెట్టుకున్నారు. విషకంఠుడిలా ఈ కూటమి విషాన్ని గొంతులో పెట్టుకున్నానన్నారు. ఆ విషం ఆయన గొంతులో నిలిచింది మరో ఏడాది.

2019 ఫిబ్రవరి ఈ ప్రాంతం మీదుగా చాలా బరువుగా గడిచింది. దొడ్డబళ్ళాపురం నుంచి బెంగళూరుకు పోయే దారి యలహంక మీదుగానే. ఫిబ్రవరి 1న హెచ్ఏఎల్ విమానాశ్రయంలో మిరాజ్ కూలి ఇద్దరు పైలట్లు పోయారు. ఫిబ్రవరి 19న యలహంకలో ఏరో ఇండియా రిహార్సల్‌లో రెండు సూర్యకిరణ్ విమానాలు ఆకాశంలో ఢీకొని మరో పైలట్ పోయాడు. ఆ రెంటికీ నడుమ, ఫిబ్రవరి 14న, పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. వాళ్ళలో ఒకడిది మండ్య జిల్లా. శవపేటిక బెంగళూరుకు వచ్చినప్పుడు ముఖ్యమంత్రిగా కుమారస్వామి వెళ్ళి తల వంచారు. కుటుంబానికి 25 లక్షలు, భార్యకు ఉద్యోగం ప్రకటించారు. సీఆర్పీఎఫ్ సైన్యం కిందికి రాదని చదువుకున్నవాళ్ళు వివరిస్తారు. ఊళ్ళో ఆ తేడా లేదు. ఖాకీ బట్టలేసుకుని కాశ్మీరుకు పోయినవాడెవడైనా మిలిట్రీకి పోయినట్టే.

ఫిబ్రవరి 26 తెల్లవారుజామున బాలాకోట్ దాడి. మర్నాడు మన పైలట్ అభినందన్ పాకిస్తాన్ చేతికి చిక్కాడు. దేశమంతా ఊపిరి బిగబట్టిన ఆ రోజే చిత్రదుర్గలో బీజేపీ నాయకుడు బి.ఎస్. యడియూరప్ప విలేఖరులతో మాట్లాడుతూ, ఈ దాడితో మోదీ గాలి వీస్తోందని, కర్ణాటకలో 28కి 22 పైచిలుకు సీట్లు గెలవడానికి ఇది తోడ్పడుతుందని చెప్పారు. ఒక పైలట్ శత్రువు చేతిలో ఉండగా సీట్ల లెక్క వేశారు. సొంత పార్టీ మంత్రి, మాజీ సైన్యాధిపతి వి.కె. సింగ్ కూడా ఆ మాటతో ఏకీభవించలేకపోయారు. యడియూరప్ప తన మాటల్ని వక్రీకరించారన్నారు. అంతే, గొడవ అక్కడికి సద్దుమణిగింది.

మన తెలుగు వైపు కూడా ఆ రోజుల్లో ఎవరి నోరూ ఊరుకోలేదు. పుల్వామాను రాజకీయానికి వాడుకుంటున్నారని చంద్రబాబు అంటే, ఫిబ్రవరి 21న రాజమండ్రిలో అమిత్ షా, ఈయనకు మన ప్రధాని కన్నా ఇమ్రాన్ ఖాన్ మీద నమ్మకం ఎక్కువా అని నిలదీశారు. నెలాఖరున కడపలో పవన్ కల్యాణ్, ఎన్నికల ముందు యుద్ధం వస్తుందని తనకు రెండేళ్ళ క్రితమే చెప్పారన్నారు. ఆ మాట సరిహద్దు దాటి పాకిస్తాన్ వార్తల్లోకి ఎక్కింది. వీళ్ళెవరూ యుద్ధం దగ్గరికి పోయినవాళ్ళు కారు. సైనికుల ఫొటోలు ప్రచారంలో వాడవద్దని మార్చి 9న ఎన్నికల సంఘం పార్టీలకు చెప్పింది. ఏప్రిల్ 9న లాతూరులో ప్రధాని, మొదటిసారి ఓటు వేసే పిల్లలు తమ ఓటును బాలాకోట్ వీరులకు అంకితం ఇవ్వరా అని అడిగారు. అది నియమావళికి విరుద్ధం కాదని అదే సంఘం తర్వాత తేల్చింది.

అలాంటి వేడిలో, ఏప్రిల్ రెండో వారంలో, కుమారస్వామి అన్నారు. సరిహద్దులో కాపలా కాసేది డబ్బున్నవాళ్ళ పిల్లలు కాదు, రెండు పూటలా తిండికి లేనివాళ్ళు పొట్టకోసం సైన్యంలో చేరతారు, అలాంటివాళ్ళ ప్రాణాలతో ఆడుకుంటున్నారు అని. మాటల వరస కొంచెం అటూ ఇటూ, భావం ఇది. ఏప్రిల్ 12న గంగావతి సభలో ప్రధాని దాన్ని అందుకున్నారు. తిండికి లేక సైన్యంలో చేరతారా, ఇది మన జవాన్లకు అవమానం కాదా, అంటూ సిగ్గుతో మునిగి చావాలన్నంత మాట అన్నారు. వీడియో ముక్క రాష్ట్రమంతా తిరిగింది. ముక్కలో మొదటి సగం ఉంది, ప్రాణాలతో ఆడుకుంటున్నారన్న రెండో సగం ఎవరికీ అక్కరలేకపోయింది. నేనన్నది అది కాదు, చేరేవాళ్ళంతా ధనవంతులు కారని, బతుకుతెరువు కోసం చేరేవాళ్ళున్నారని మాత్రమే అన్నానని ఆయన సంజాయిషీ ఇచ్చుకున్నారు. సంజాయిషీ ఎవరు వింటారు?

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని చాలామంది సరిపెట్టుకున్నారు. ఇక్కడ నోరు జారలేదు. ఆయన అనదలచుకున్నదే అన్నారు. అందులో నిజం ఉంది. కానీ ఆ నిజంలోంచి ఒక ముఖ్యమైన ముక్క జారిపోయింది.

అది ఏమిటో సైన్యం ర్యాలీకి పోయే కుర్రవాణ్ణి చూస్తే తెలుస్తుంది. పదహారు వందల మీటర్ల పరుగు, ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే అరవై మార్కులు. ఒక్క క్షణం దాటినా మార్కులు తగ్గుతాయి, ఇంకొంచెం దాటితే ఇంటికే. తర్వాత బీమ్ పట్టుకుని గడ్డం పైకి వచ్చేలా పదిసార్లు లేవాలి, దానికి నలభై. తొమ్మిది అడుగుల గుంత దూకాలి. వంకర దూలం మీద తూలకుండా నడవాలి. సీఆర్పీఎఫ్‌కైతే ఐదు కిలోమీటర్లు ఇరవై నాలుగు నిమిషాల్లో. ఇది తిండి లేని ఒంటికి అయ్యే పని కాదు. చీకటితో లేచి ఆ కుర్రవాడు పరిగెత్తడానికి పోతే, ఇంట్లో తల్లి తన ముద్ద తగ్గించుకుని వాడికి గుడ్డు ఉడకబెడుతుంది. తండ్రి ఇంకో రెండు గంటలు మగ్గం మీద కూర్చుంటాడు. చెల్లెలి ఫీజు ఆలస్యమవుతుంది. ఇంటిల్లిపాదీ కడుపు కట్టుకుని ఒకణ్ణి ఆ ఐదున్నర నిమిషాలకు తయారు చేస్తారు. వాడు నెగ్గి వచ్చిన రోజు వీధిలో తలెత్తుకు నడుస్తారు. బీదతనం ఉంది, దాంతోపాటే ఆ ఇంటి పట్టుదల ఉంది, గర్వం ఉంది. ఏది ముందు, ఏది వెనక అని ఆ తల్లిని అడిగితే చెప్పలేదు.

కుమారస్వామి బీదతనం ఒక్కటే చెప్పారు. ప్రధాని గర్వం ఒక్కటే చెప్పారు. సగం సగంగా చెప్పిన ఇద్దరిలో గెలిచేది ఎప్పుడూ గర్వం వైపు నిలబడినవాడే. మా పిల్లవాడు తిండికి లేక పోయాడని నలుగురిలో అనిపించుకోవడం ఏ ఇంటికి ఇష్టం? అది నిజమైనప్పుడు మరీ కష్టం. పుల్వామా జరిగి రెండు నెలలైనా కాని ఆ రోజుల్లో మరీ మరీ కష్టం. ఆయన ఆ ఇళ్ళ తరఫునే మాట్లాడాననుకున్నారు. ఆ ఇళ్ళకు మాత్రం తమ కంచంలోకి తొంగి చూసి మైకులో చెప్పినట్టు తగిలింది.

పైగా ఆ మాట అన్నది ఏ తండ్రి? మండ్యలో కొడుకు నిఖిల్‌ను నిలబెట్టిన తండ్రి. కుమారస్వామి తండ్రి దేవెగౌడ ఒక మనవడికి హాసన్ వదిలి, కన్నీళ్ళు పెట్టుకుని, తాను తుమకూరుకు తరలివెళ్ళారు. ఇంకో మనవడికి మండ్య. డబ్బున్నవాళ్ళ పిల్లలు సరిహద్దుకు పోరన్నప్పుడు, మరి మీ పిల్లవాడు ఎక్కడికి పోయాడు అన్న ప్రశ్న వెంటనే వచ్చింది. మీ అబ్బాయిని సైన్యానికి పంపండని ఎదుటిపార్టీ అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. మండ్యలో ఎదురు నిలిచింది సుమలత. మన సినిమాల్లో నటించిన సుమలతే. మూడు నెలల ముందే భర్త అంబరీశ్ పోయిన ఆమె, పుల్వామాలో మరణించిన ఆ జిల్లా జవాను కుటుంబానికి తన పొలంలో అర ఎకరం ఇస్తానని ఫిబ్రవరిలోనే ప్రకటించారు. అందులో రాజకీయం ఎంత, అంతఃకరణ ఎంత అని తూచే పని నాది కాదు. దుఃఖంలో ఉన్న ఇంటి గడపలోకి ఆమె భూమి చేతబట్టుకుని వెళ్ళారు, ఆయన ఆ ఇంటి ఆకలిని వేదిక ఎక్కించారు. జనం చూసింది అంతవరకే.

ఏప్రిల్ 18న దొడ్డబళ్ళాపురం ఓటు వేసింది. మొయిలీ కూటమి అభ్యర్థి. ఒకప్పటి ముఖ్యమంత్రి, కేంద్ర మంత్రి, రామాయణ కావ్యం రాసి సరస్వతి సమ్మాన్ అందుకున్న మనిషి. ఎత్తినహొళె పథకం నీళ్ళు తెస్తానని ఏళ్ళుగా చెబుతూ వచ్చారు, నీళ్ళు రాలేదు. ఆ ఎన్నికలో ఈ ఊళ్ళో అడగవలసిన ప్రశ్నలు నీళ్ళు, నూలు ధర, కరెంటు. అడిగినవి బాలాకోట్, పాకిస్తాన్.

ఫలితాలు మే 23న వచ్చాయి. విధానసౌధ మెట్ల మీద చేతులు పైకెత్తిన రోజుకు సరిగ్గా ఏడాది. 28 స్థానాల్లో బీజేపీకి 25. కూటమికి రెండే, పార్టీకి ఒకటి చొప్పున. మొయిలీ లక్షా 82 వేల ఓట్ల తేడాతో బచ్చేగౌడ చేతిలో ఓడారు. తుమకూరులో దేవెగౌడ, 86 ఏళ్ళ మాజీ ప్రధాని, 13 వేల పైచిలుకు ఓట్లతో ఓడారు. కాంగ్రెస్ పెద్దలు కలబురగిలో ఖర్గే, కోలారులో మునియప్ప ఓడారు. మండ్యలో నిఖిల్ లక్షా పాతిక వేలకు పైగా తేడాతో ఓడారు, అదీ తండ్రి ముఖ్యమంత్రిగా ఉండగా. అదే రోజు అమరావతిలో చంద్రబాబు 175లో 23కి పడిపోయారు. పవన్ పోటీ చేసిన రెండు చోట్లా ఓడారు. ఆ ఓటములకు కారణాలు వేరు. అయినా ఏడాది కిందట వేదిక మీద పైకి లేచిన చేతుల్లో ఎన్ని కిందికి దిగాయో ఆ సాయంత్రం లెక్క తేలింది.

ఆ తర్వాత ప్రభుత్వం కూలడానికి రెండు నెలలు చాలాయి. జూలై 10న రాజీనామా చేసినవాళ్ళలో చిక్కబళ్ళాపురం శాసనసభ్యుడు డాక్టర్ కె. సుధాకర్, హొసకోటె శాసనసభ్యుడు ఎంటీబీ నాగరాజ్ ఉన్నారు. ఇద్దరూ ఈ లోక్‌సభ నియోజకవర్గం వాళ్ళే. స్పీకరు కుర్చీలో శ్రీనివాసపురం రమేశ్ కుమార్. సభ నాలుగు రోజులు సాగింది. మనుషులు రారని తెలిసి, రాత్రివరకూ కూర్చుని, రానివాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. పదిహేడు మందిని రమేశ్ కుమార్ అనర్హుల్ని చేశారు గాని, అప్పటికి చేసేదేమీ లేదు. జూలై 26న యడియూరప్ప ముఖ్యమంత్రి అయ్యారు. బాలాకోట్ దాడిని సీట్లలో లెక్కపెట్టిన మాట వల్ల ఆయనకు నష్టం రాలేదు. లెక్క కూడా తప్పలేదు, మూడు ఎక్కువే వచ్చాయి. జవాన్ల ఆకలి ఎత్తిన మాట మాత్రం, దాన్ని అన్నవాడితో సహా అవమానం పాలైంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది.

మనుషులు మళ్ళీ లేచారు. సుధాకర్ 2024లో ఇదే చిక్కబళ్ళాపురం నుంచి బీజేపీ ఎంపీ అయ్యారు. కుమారస్వామి పార్టీ 2023 సెప్టెంబరులో ఎన్డీఏలో చేరింది. ఆయన మండ్యలో గెలిచి, 2024 జూన్ 9న, గంగావతిలో తనను నిలదీసిన ప్రధాని మంత్రివర్గంలోనే ప్రమాణం చేశారు. రాజకీయంలో ఇవి మామూలే, తప్పుపట్టను. ఆ ఏప్రిల్ మాట మాత్రం లేవలేదు. సైన్యంలో చేరే పిల్లల ఇళ్ళ గురించి మాట్లాడటానికి ఆ తర్వాత కర్ణాటకలో ఏ పెద్ద నాయకుడూ నోరు విప్పగా నేను వినలేదు.

ఎవరూ ఎత్తనంత మాత్రాన ఆ సంగతి పోలేదు. 2022 జూన్ 14న సైన్యంలో చేరికకు అగ్నిపథ్ పథకం ప్రకటించారు. నాలుగేళ్ళ ఉద్యోగం, ఆ తర్వాత నూటికి పాతిక మందికే కొనసాగింపు, మిగిలినవాళ్ళకు పదకొండు లక్షల డెబ్బై వేల చిల్లర. పింఛను లేదు. మూడు రోజులకు సికింద్రాబాద్ స్టేషన్లో రైళ్ళు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రవాడొకడు చనిపోయాడు. రైళ్ళు తగలబెట్టడం తప్పే. ఆ ప్లాట్‌ఫారం మీదికి వచ్చినవాళ్ళు మాత్రం ఐదున్నర నిమిషాల పరుగుకు ఏళ్ళ తరబడి తయారైన పిల్లలు. శరీర పరీక్షలు నెగ్గి, రాత పరీక్ష కోసం ఎదురుచూసి, వయసు దాటిపోతోందని బెంగ పెట్టుకున్నవాళ్ళు. తిండి, గర్వం రెండూ ఒకే ఉద్యోగంలో ఉన్నాయని వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ పథకం కింద సైన్యంలో చేరిన అగ్నివీరుల మొదటి జట్టు 2023 జనవరిలో శిక్షణ మొదలుపెట్టింది. నాలుగేళ్ళు నిండితే అందులో ముప్పాతిక మంది ఇళ్ళకు రావాలి, ఇంకా ఇరవైల వయసులోనే. వాళ్ళకు పని చూపించడం అంటే ఫ్యాక్టరీలు, ఉక్కు, యంత్రాలు. కుమారస్వామికి కేంద్రంలో ఇచ్చినవి సరిగ్గా ఆ శాఖలే, భారీ పరిశ్రమలు, ఉక్కు. 2019 ఏప్రిల్‌లో సగం చెప్పి వదిలేసిన మాటను ఆయన అక్కడి నుంచి పూర్తి చేయవచ్చు. ఈసారి ఎన్నికల సభలో కాకుండా, ఎంతమందికి ఏ ప్లాంటులో ఏ పని అని, మంత్రిగా సంతకం పెట్టి చెప్పవచ్చు. ఆయన చెప్పాలని నేను మనసారా కోరుకుంటున్నాను.